తప్పు తిరిగొచ్చే వేళ

మగ్గం మీంచి దిగిన గుడ్డలో తప్పు మూడు తీర్లుగా కనబడుతుంది. నిలువునా సన్నటి గీత పడితే పడుగులో ఒక పోగు తెగిందని అర్థం. అడ్డంగా గీత పడితే పేక దగ్గర ఏదో జరిగింది. కండె అయిపోయి ఉండాలి, లేదా దెబ్బ సరిగా పడకపోయి ఉండాలి. అంచు మీది పువ్వు ప్రతిసారీ అదే రెక్క దగ్గర విరుగుతుంటే మాత్రం పోగుల్లో వెతికి లాభం లేదు. పైన తిరిగే జాకార్డ్ అట్టల్లో ఒకటి చిరిగి ఉంటుంది.

కొడకండ్లలో మా ఇంట్లో గుంట మగ్గం పక్కన కూర్చుని నేను కండెలు చుట్టే వయసులో మా నాయిన చెప్పిన సంగతి ఇది. ఒకరోజు గుడ్డ మీద తప్పు కనబడితే నేను వంగి ఒక్కొక్క పోగూ పట్టి చూస్తున్నాను. ఆయన మగ్గం ఆపకుండానే అన్నాడు. "ఏడున్నదో దేవులాడకు బిడ్డా. మళ్ల ఎప్పుడొస్తదో చూడు. ఏడున్నదో అదే చెప్తది."

ఇప్పుడు నేను మగ్గం నేయడం లేదు. ఫ్యాక్టరీల్లో ఆగిపోయిన ఆటోమేటిక్ మిషన్ల దగ్గరికి పోయి, ఎందుకు ఆగాయో కనిపెట్టి నడిపించే ఫీల్డ్ ఇంజినీర్‌ని. జనగామ జిన్నింగ్ మిల్లులు, మహబూబాబాద్ వైపు గ్రానైట్ యూనిట్లు, తొర్రూరు చుట్టూ రైస్ మిల్లులు, నీళ్లు ఎత్తే పంప్‌హౌస్‌లు, వీటి చుట్టే నా తిరుగుడంతా. సంచిలో ల్యాప్‌టాప్, మల్టీమీటర్, స్క్రూడ్రైవర్లు, నాలుగైదు రకాల కేబుళ్లు ఉంటాయి. వాటన్నిటికంటే ఎక్కువగా నాకు పనికొచ్చింది మాత్రం నాయిన ఆరోజు చెప్పిన ఆ మాటే.

బోరుబావి కాడి పాఠం

ఆటోమేషన్ అనగానే పెద్ద కంపెనీలు గుర్తొస్తాయి గాని, మన రైతులకు అది పాత చుట్టమే. బోరు మోటరు స్టార్టర్ డబ్బా తీసి చూడండి. పచ్చ బటన్ నొక్కితే లోపలి కాంటాక్టర్ టక్కున అంటుకుంటుంది, మోటరు తిరుగుతుంది. వేలు తీసినా ఆగదు. అంటుకున్నంతసేపూ దాని కాయిల్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, ఆ కాయిలే దాన్ని పట్టి ఉంచుతుంది. ఎర్ర బటన్ నొక్కినా, కరెంటు పోయినా, మోటరు మోయలేని భారం పడి ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయినా ఆ పట్టు వదిలిపోతుంది. కరెంటు తిరిగి వచ్చినా మోటరు దానంతట అది ఎక్కదు. మనిషి పోయి నొక్కాల్సిందే.

అర్ధరాత్రి వచ్చే కరెంటు కోసం చీకట్లో పొలం గట్ల మీద నడవలేక రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటరును అదే ఎక్కిస్తుంది. పాముకాటు భయం తప్పించిన పరికరం అది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు మాత్రం అవే ఆటోస్టార్టర్లను తీసేయమని ఊరూరా చెప్పాల్సి వచ్చింది. కరెంటు పోకపోతే మోటరు ఆగదు. మోటరు ఆగకపోతే భూమిలో నీళ్లు అడుగంటుతాయి.

ఆటోస్టార్టర్ చెడిపోలేదు. చెప్పిన పనే చెప్పినట్టు చేసింది. దాని చుట్టూ ఉన్న పరిస్థితి మారింది, అంతే. నేను చూసే ఫాల్టుల్లో చాలావాటి కథ ఇదే. ఏ భాగం పట్టి చూసినా బాగానే ఉంటుంది, పని మాత్రం ఆగిపోతుంది.

అట్టల నుంచి నిచ్చెన దాకా

ఒక మోటరుకు ఒక స్టార్టర్ సరిపోతుంది. కార్ల ఫ్యాక్టరీ లాంటి చోట వందల మోటర్లు ఒకదాని తర్వాత ఒకటి, ఒకదాని షరతు మీద ఇంకొకటి నడవాలి. పూర్వం ఆ షరతులన్నిటినీ రిలేలతో, తీగలతో గోడంత ప్యానెళ్లుగా కట్టేవాళ్లు. కారు మోడల్ మారితే ఆ తీగలన్నీ విప్పి మళ్లీ కట్టాలి, లేకపోతే ప్యానెల్‌నే పారేయాలి. 1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ ఈ బాధ తీర్చే పరికరం కావాలని అడిగింది. బెడ్‌ఫోర్డ్ అసోసియేట్స్ అనే చిన్న సంస్థలో డిక్ మోర్లీ, ఆయన సహచరులు దాన్ని తయారుచేశారు. అది వాళ్ల 84వ ప్రాజెక్టు కావడంతో దానికి మోడికాన్ 084 అని పేరు పెట్టారు. ఇవాళ ప్రతి ఫ్యాక్టరీ ప్యానెల్‌లో కనిపించే పీఎల్‌సీకి అదే మూలపుటమ్మ.

పీఎల్‌సీ చేసే పని వింటే తేలికగా అర్థమవుతుంది. సెన్సర్లు చెప్పేవన్నీ ఒకసారి చదువుకుంటుంది. లోపల రాసిపెట్టిన షరతులతో పోల్చి చూస్తుంది. ఏ మోటరు తిరగాలో, ఏ వాల్వు తెరుచుకోవాలో చెబుతుంది. మళ్లీ మొదటి నుంచి చదువుతుంది. ఈ చుట్టు సెకనులో వందోవంతులోనే అయిపోవచ్చు. ఆ షరతులను రాసే పద్ధతిని లాడర్ అంటారు. నిలువు గీతలు రెండు, మధ్యలో అడ్డంగా మెట్లు, చూడటానికి అచ్చం నిచ్చెనే. రిలే వైరింగ్ బొమ్మలు చదవడం వచ్చిన ఎలక్ట్రీషియన్ కొత్త విద్య నేర్చుకోకుండానే దీన్ని చదవగలగాలని అట్లా పెట్టారు.

మొదటిసారి ఆ నిచ్చెన చూసినప్పుడు నాకు మా ఇంటి జాకార్డ్ అట్టలు గుర్తొచ్చాయి. అట్టలో చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. ఉన్నది, లేదు అనే రెండు మాటలతోనే అంచు మీద హంసలూ పువ్వులూ నడుస్తాయి. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో జాకార్డ్ 1804లో తెచ్చిన ఆ మగ్గాన్ని చరిత్రకారులు ప్రోగ్రామ్‌తో నడిచే యంత్రాలకు తొలి మెట్టుగా చెబుతారు. పద్మశాలి ఇంట్లో పుట్టిన పిల్లవాడికి పీఎల్‌సీ పరాయిది కాదు.

ఒక సంగతి మాత్రం కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకు గట్టిగా చెబుతాను. ఏళ్ల తరబడి నడిచిన ప్రోగ్రామ్ రాత్రికి రాత్రి తప్పు కావడం చాలా అరుదు. మారేవి తీగలు, దుమ్ము, తడి, వేడి, అదురు, ఎలుకలు. మిషన్ ఆగగానే ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునేవాళ్లు ముందు ఒకసారి మిషన్ చుట్టూ నడిచి రావాలి.

పెద్ద రాయి మీదనే

ఆ మాట నాకు ఎట్లా తెలిసిందో చెప్పాలి. ఈ పనిలో చేరిన కొత్తలో మహబూబాబాద్ వైపు ఒక గ్రానైట్ యూనిట్‌కు నన్ను పంపారు. రాయి పలకలను పాలిష్ చేసే మిషన్ అది. పలక కింద బెల్టు మీద కదులుతుంటే, పైన పాలిష్ తలలు ఉన్న దూలం అటూ ఇటూ జరుగుతూ రుద్దుతుంది. ఆ మిషన్‌లో సెన్సర్లకు కరెంటు ఇచ్చే 24 వోల్టుల ఫ్యూజ్ పోతోంది. కొత్తది వేస్తే రెండు మూడు గంటలు నడుస్తుంది, మళ్లీ పోతుంది.

పవర్ సప్లై పాడైందనుకుని మార్చాను. మిషన్ నడిచింది. మూడు గంటల తర్వాత ఆగింది. పీఎల్‌సీ ఇన్‌పుట్ కార్డు మార్చాను. ఆ సాయంత్రం మళ్లీ ఆగింది. యజమానికి రెండు పరికరాల ఖర్చు, కూలీలకు రెండు రోజుల పని పోయాయి. మూడోరోజు హైదరాబాద్ నుంచి మా సీనియర్ వచ్చారు. ఆయన ప్యానెల్ తలుపు కూడా తెరవలేదు. మిషన్ నడిపే బిహారీ కుర్రవాడి పక్కన నిలబడి అడిగారు, ఏ రాయి నడుస్తున్నప్పుడు ఆగుతోందని. ఆ అబ్బాయి వెంటనే చెప్పాడు, "బడే పత్థర్ పే, సాబ్." పెద్ద రాయి వచ్చినప్పుడే.

పలక వెడల్పుగా ఉంటే దూలం చివరిదాకా జరగాలి. చివరిదాకా జరిగితే దాని వెంట పోయే కేబుల్ ఎక్కువగా వంగుతుంది. వంగినచోట ఒక ఇనుప క్లాంపు అంచు కేబుల్ తొక్కను కొద్దికొద్దిగా ఒరుసుకుంటూ వచ్చింది. లోపలి రాగి ఆ ఇనుముకు తగిలినప్పుడల్లా ఫ్యూజ్ పోతోంది. చిన్న పలకలు నడిచినంతసేపూ కేబుల్ అంతగా వంగదు, ఏ ఇబ్బందీ లేదు. కేబుల్ మార్చి, క్లాంపు అంచును ఆకురాయితో నున్నగా చేసేసరికి గంట పట్టింది.

ఆ అబ్బాయి మొదటిరోజే నాకు ఆ సంగతి చెప్పాడట. నేను స్క్రీన్ చూస్తూ వినలేదు. ఆ రాత్రి తిరుగు బస్సులో నాకు నిద్ర పట్టలేదు. నాయిన చెప్పిన మాట నాకు తెలుసు. తెలిసీ వాడలేదు.

అప్పటి నుంచి ఎక్కడికి పోయినా మిషన్ నడిపే మనిషిని మూడు సంగతులు అడుగుతాను. ఎప్పుడు ఆగుతోంది? ఆగేముందు మామూలుగా కానిది ఏం జరుగుతోంది? ఈ జబ్బు మొదలవకముందు ఎవరైనా ఏదైనా మార్చారా? మూడో ప్రశ్నకు మొదట ఎవరూ జవాబు చెప్పరు. కాసేపు కూర్చుని చాయ్ తాగాక గుర్తొస్తుంది, మొన్న వెల్డింగ్ చేశారని, నిన్న మోటరు మార్చారని.

ఆ తర్వాతే మీటర్ తీస్తాను. దానికీ ఒక పద్ధతి ఉంది. కరెంటు 16 టెర్మినళ్ల గుండా వెళ్లి ఎక్కడో తెగిపోయిందనుకోండి. మొదటి నుంచి ఒక్కొక్కటీ చూడనక్కర లేదు. సరిగ్గా మధ్యలో చూస్తే చాలు. అక్కడిదాకా కరెంటు ఉంటే తప్పు అవతలి సగంలో ఉంది, లేకపోతే ఇవతలి సగంలో. 16 ఎనిమిది అవుతుంది, ఎనిమిది నాలుగు, నాలుగు రెండు, రెండు ఒకటి. నాలుగుసార్లు చూస్తే చోటు దొరుకుతుంది.

పొద్దు చేసిన పని

మా జిల్లాలో పత్తి పంట ఎక్కువ. సీజన్‌లో జిన్నింగ్ మిల్లులు రాత్రింబగళ్లు తిరుగుతాయి. గింజ వేరుచేసిన దూదిని ప్రెస్‌లో వేసి బేళ్లుగా నొక్కుతారు. ఒక్కో బేలు సుమారు 170 కిలోలు. ఒక సంక్రాంతి తర్వాత ఒక మిల్లులో ప్రెస్ సాయంత్రం పూట ఆగిపోవడం మొదలైంది. బేలు బయటికి వెళ్లిందో లేదో చూసే సెన్సర్, బేలు లేకున్నా ఉన్నదని చెబుతోంది. బేలు అడ్డం ఉంటే ప్రెస్ తెరుచుకోకూడదు కాబట్టి పీఎల్‌సీ ఆపేస్తోంది.

ఆ సెన్సర్‌లో రెండు ముక్కలుంటాయి. ఒకటి కాంతి పంపుతుంది, ఎదురుగా ఉన్నది అందుకుంటుంది. కాంతి అందకపోతే మధ్యలో ఏదో అడ్డం ఉన్నట్టు లెక్క. మిల్లంతా దూది ధూళి కాబట్టి అద్దం మీద పేరుకుందని అందరం అనుకున్నాం. తుడిస్తే నడిచేది. తుడవకపోయినా కాసేపటికి అదే నడిచేది. నాకు ఫోన్ వచ్చి, నేను బయలుదేరి చేరేసరికి చీకటి పడేది, మిషన్ హాయిగా నడుస్తుండేది. అట్లా రెండుసార్లు తిరిగి వచ్చాను.

మూడోసారి మధ్యాహ్నమే పోయి కూర్చున్నాను. ప్రెస్ చుట్టూ దూది ఊడ్చే అక్క నన్ను చూసి చీపురు ఆపింది. "ఇప్పుడాగది సారూ. ఎండ గా తలుపుల నుంచి లోపటికొచ్చినప్పుడు ఆగుతది. దినాం గంతే."

పడమటి తలుపులోంచి వాలుపొద్దు వచ్చి సరిగ్గా కాంతిని అందుకునే ముక్క మీద పడుతోంది. అంత ఎండలో ఆ చిన్న కన్ను ఎదుటి దీపాన్ని గుర్తుపట్టలేకపోతోంది. కాంతి కనబడటం లేదు కాబట్టి ఏదో అడ్డం ఉందనుకుంటోంది. డిసెంబరులో ఈ బాధ ఎందుకు లేదో కూడా అప్పుడే తెలిసింది. ఉత్తరాయణంలో పొద్దు గుంకే చోటు రోజురోజుకూ ఉత్తరానికి జరుగుతుంది. జరిగి జరిగి ఆ తలుపుకు ఎదురుగా వచ్చింది.

కొత్త సెన్సర్ కొనలేదు. రెండు ముక్కలనూ అటుదిటు, ఇటుదటు మార్చి బిగించాను. ఇప్పుడు కాంతిని అందుకునే ముక్క వీపు పడమటికి ఉంది. ఎండ వచ్చినా దాని కంట్లో పడదు. ఆ సాయంత్రం అక్కా నేనూ తలుపు దగ్గర నిలబడి పొద్దు గూకేదాకా చూశాం. ప్రెస్ ఆగలేదు.

సున్నాకు, తెగిన తీగకు తేడా

సెన్సర్లలో రెండు జాతులున్నాయి. ఉంది, లేదు అని చెప్పేవి కొన్ని. ఎంత ఉంది అని చెప్పేవి కొన్ని. నీటిమట్టం, వేడి, ఒత్తిడి చెప్పేవి రెండో జాతివి. ఇవి కొలతను సన్నటి కరెంటుగా మార్చి పంపుతాయి. ఆ లెక్క సున్నా మిల్లీఆంపియర్ల నుంచి కాదు, నాలుగు నుంచి ఇరవై దాకా ఉంటుంది. పది మీటర్ల లోతున్న సంపులో నీళ్లు అసలు లేకపోతే 4, సగం ఉంటే 12, నిండితే 20.

సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదో తెలిసినప్పుడు నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. సంపు ఎండిపోయినప్పుడు కూడా నాలుగు వస్తూనే ఉండాలి. నిజంగా సున్నా వచ్చిందంటే నీళ్లు లేవని కాదు, తీగ తెగిందని. ఏమీ లేదని చెప్పడానికీ, ఏమీ చెప్పలేకపోవడానికీ ఉన్న తేడాను ఆ నాలుగు మిల్లీఆంపియర్లలో దాచారు. ఆ పద్ధతి పెట్టినవాళ్ల బుద్ధికి నేను ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

గోదావరి నీళ్లను ఏటూరునాగారం దగ్గరి గంగారం కాడ ఎత్తి, దశలవారీగా పైకి తెచ్చే దేవాదుల పథకం మా మెట్ట ప్రాంతానికి పెద్ద ఆశ. పెద్దదైనా చిన్నదైనా నీళ్లు ఎత్తే చోటల్లా మోటరు ఎక్కాలో ఆగాలో చెప్పేవి ఇట్లాంటి కొలతలే. ఒక చిన్న పంప్‌హౌస్‌లో వానాకాలం నాకు ఎదురైన సంగతి ఒకటుంది. ట్యాంకు సగమే నిండినా స్క్రీన్ మీద నిండినట్టు కనిపించి మోటరు ఆగిపోతోంది. అక్కడి వాచ్‌మన్ తాత రోజువారీ రిజిస్టరులో మోటరు ఆగిన వేళలన్నీ రాసిపెట్టాడు. పక్కనే వాన పడిన వేళలు కూడా రాశాడు. అది ఆయన అలవాటు. రెండు వరుసలూ పక్కపక్కన చూస్తే కథ తేలిపోయింది. వాన పడిన గంటా రెండు గంటలకు తప్పు వస్తోంది, మర్నాడు ఎండెక్కాక పోతోంది.

ట్యాంకు మీది జంక్షన్ బాక్స్ మూతకు రబ్బరు ఊడిపోయింది. వాన చుక్కలు లోపలికి దిగి రెండు టెర్మినళ్ల మధ్య తడి దారి చేశాయి. సెన్సర్ పంపే కరెంటుకు ఆ తడిలోంచి జారిన కరెంటు కూడా కలిసి లెక్క పెరుగుతోంది. బాక్స్ ఆరబెట్టి, రబ్బరు మార్చి, కేబుల్ పైనుంచి కాకుండా కింది నుంచి లోపలికి పోయేలా తిప్పాను. తాత రిజిస్టరు లేకపోతే ఒక మంచి సెన్సర్‌ను విప్పి పారేసేవాణ్ణి.

అమ్మ భుజం

ఆటోమేషన్ వస్తే మనుషులకు పని పోతుంది కదా అని నన్ను చాలామంది అడుగుతారు. ఆ భయం న్యాయమైనదే. నేత బతుకు కుదేలై మా వాళ్లు భివండి, సూరత్, షోలాపూర్ వలస పోయిన సంగతి మా ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. కాబట్టి నేను తేలికగా జవాబు చెప్పను. మా అమ్మ భుజం గురించి చెబుతాను.

అమ్మ ఆసు పోసేది. రంగు అద్దకముందు నూలును అర్ధచంద్రం లాంటి మేకుల వరుసకూ, ఎదుట ఉన్న మేకుకూ మధ్య చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు తిరగాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. రాత్రి అమ్మ భుజానికి నూనె రాయడం చిన్నప్పుడు నా వంతు.

మాకు దూరం కాని ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం కూడా అట్లాంటి అమ్మ కొడుకే. ఆరో తరగతితో చదువు ఆగిపోయినా, 1992లో మొదలుపెట్టి ఏడేళ్లు ఆ చేతి కదలికనే చూస్తూ, ముక్క ముక్కగా యంత్రం కట్టుకుంటూ పోయారు. ఒక కదలిక దగ్గర చిక్కుపడిపోతే, హైదరాబాద్ బాలానగర్‌లో కరెంటు పని చేస్తూ అక్కడి ఒక మిషన్ కదలిక చూసి దారి కనిపెట్టారు. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు. చీరకు గంటన్నర చాలు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మా వాడకు ఆసు యంత్రం వచ్చిన రోజు అమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది. మేకు మేకుకూ పోగు పోతుంటే ఆమె కుడిచేయి తెలియకుండానే దాంతోపాటు కదిలింది. తర్వాత ఎడమచేత్తో భుజం తడుముకుంది. మనిషి ఒంటిని అరగదీసే పనిని యంత్రానికి ఇవ్వాలి, ఆ యంత్రం ఆ మనిషి చేతిలోనే ఉండాలి. ఆటోమేషన్ మంచిదా చెడ్డదా అని నేను ఈ రెండు మాటలతోనే కొలుస్తాను.

వేయకూడని తీగముక్క

మా పనిలో జంపర్ అనే మాట ఉంది. ఒక స్విచ్ పనిచేయకపోతే దాని రెండు టెర్మినళ్లనూ తీగముక్కతో కలిపేస్తే, స్విచ్ బాగున్నట్టే మిషన్ నమ్ముతుంది. పరీక్ష కోసం నిమిషంపాటు వేసి తీసేయడం వేరు. వేసి వదిలేయడం వేరు. కాపలా తలుపు తెరిస్తే మిషన్ ఆగాలని పెట్టిన స్విచ్‌కు జంపర్ వేస్తే, ఆ తలుపు ఇక ఉత్త రేకు.

ఒక సీజన్ మధ్యలో, గేటు బయట పత్తి బండ్లు బారులు తీరి ఉండగా, ఒక యజమాని నన్ను అదే అడిగారు. కొత్త స్విచ్ వరంగల్ నుంచి తెల్లారేసరికి గాని రాదు. రాత్రంతా మిల్లు ఆగితే ఎంత నష్టమో లెక్క చెప్పారు. ఆ లెక్క నిజమే. నేను వేయలేదు. అట్లా జంపర్ వేసిన మిషన్‌లో రెండు వేళ్లు పోగొట్టుకున్న ఒక ఆపరేటర్ అన్న చేయి నేను చూశాను. ఆ చేయి పట్టుకుని మాట్లాడాను. తెల్లవారి స్విచ్ వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.

మెయిన్ ఆపాం కదా అని డ్రైవ్‌లో చేయి పెట్టడం ఇంకో పెద్ద ప్రమాదం. మోటరు వేగం మార్చే డ్రైవ్, 415 వోల్టుల కరెంటును లోపల సుమారు 560 వోల్టుల డీసీగా మార్చి కెపాసిటర్లలో నిలవ చేస్తుంది. స్క్రీన్ ఆరిపోయినా ఆ నిలవ కొన్ని నిమిషాలపాటు అక్కడే ఉంటుంది. డ్రైవ్ మీద రాసిన సమయం ఆగాలి, మీటర్ పెట్టి చూడాలి, అప్పుడే ముట్టాలి. మెయిన్‌కు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాకే నేను వంగుతాను. ఇంటి దగ్గర మన కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారని ప్రతిసారీ గుర్తుచేసుకోవాలి.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు

ఈ విద్యకు హైదరాబాద్‌లో నేల 1960ల్లోనే తయారైంది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన ఏ.ఎస్.రావు గారి ఆధ్వర్యంలో 1967లో ఈసీఐఎల్ మొదలైంది. 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది. ఐటీఐ, డిప్లొమా చదివిన పల్లె పిల్లలు ఇవాళ అలాంటి చోట్ల పీఎల్‌సీ నేర్చుకుని ఈ పనిలోకి రావచ్చు. మా జిల్లాల్లో పని ఉంది. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లతో నడిచే కాకతీయ థర్మల్ కేంద్రం నుంచి మండలకేంద్రంలోని రైస్ మిల్లు దాకా, సెన్సర్ లేని చోటు లేదు.

పండుగ పూట ఫోన్ వస్తుంది. రాత్రి బండి మీద పోవాలి. ఎండాకాలం మిల్లు రేకుల కింద నిలబడాలి. అయినా ఆగిన మిషన్ తిరిగి కదిలినప్పుడు చుట్టూ నిలబడ్డ పది మంది మొహాల్లో వచ్చే వెలుగు కోసం ఇవన్నీ పడవచ్చని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ప్యానెల్ తలుపు లోపలి కాగితం

వాచ్‌మన్ తాత రిజిస్టరు చూసినప్పటి నుంచి నేను ఒక పని చేస్తున్నాను. ఏ మిషన్ బాగుచేసినా వచ్చేముందు ప్యానెల్ తలుపు లోపలివైపు ఒక కాగితం అంటిస్తాను. తెలుగులో నాలుగు గడులు గీస్తాను. తేదీ, వేళ, ఆగేముందు ఏం జరిగింది, ఏం చేస్తే నడిచింది. పక్కన దారంతో పెన్ను కడతాను. చాలాచోట్ల ఆ కాగితం ఖాళీగానే ఉంటుంది.

ఎండ వల్ల ఆగిన ఆ జిన్నింగ్ మిల్లుకు మరుసటి సీజన్‌లో వేరే పని మీద పోయాను. ప్రెస్ ప్యానెల్ తెరిస్తే కాగితం సగం నిండి ఉంది. అక్షరాలు పెద్దవి, గీత దాటినవి. ఊడ్చే అక్క రాసిందని చెప్పారు. ఒక వరుస ఇట్లా ఉంది: పొద్దుగాల ఆరు, మంచు బాగా ఉంది, ఆగింది, కన్ను తుడిస్తే నడిచింది. దాని కింద ఇంకో రోజు, అదే ఆరు, అదే మంచు. దాని కింద మరొకటి. ఆ తర్వాత ఒక వరుసలో ఆమె రాసింది: షిఫ్ట్ ఎక్కంగనే తుడుస్తున్న, ఆగుతలేదు.

ఆ సీజన్‌లో ఆ ప్రెస్ కోసం నాకు ఒక్క ఫోన్ కూడా రాలేదని అప్పుడు గుర్తొచ్చింది. పాత కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను. కొత్తది అంటించి, కొత్త పెన్ను కట్టాను. ఆ రాత్రి ఇంటికి పోయి నాయినకు ఆ కాగితం చదివి వినిపించాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, చూపు ఆనకపోయినా, ఒక్కో వరుస మీద వేలు పెట్టి తడిమాడు.